నాకు కట్టడం రాని కుళాయి

జూన్ 3, సోమవారం

ఉదయం తొమ్మిది గంటలకు కింది ఇంటి టైలరమ్మ తడిసిన కోటు ఒకదానిని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని మా గుమ్మంలో నిలబడింది. ఎవరిదో కొత్త కోటు, సాయంత్రానికి ఇచ్చివేయవలసినదట. ఆమె కుట్టు మిషను సరిగ్గా మా వంటింటి కింద ఉంటుంది.

"మాస్టారూ, మర్యాదగానే చెప్తున్నా. నెలలో ఇది రెండోసారి. గొడుగేసుకుని కుట్టమంటారా నన్ను?" అంది.

వంటింట్లోకి వెళ్ళి చూశాను. సింకు నిండి పొర్లుతోంది. ఇత్తడి కుళాయి బార్లా తెరిచి ఉంది. నా భార్య పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చొని దువ్వెనలో చిక్కుకొన్న వెంట్రుకలను ఒక్కొక్కటిగా తీస్తోంది. "ఎవరో వచ్చినట్టున్నారు మాస్టారూ, కూర్చోమనండి" అంది. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు అది. అదే స్థిరపడిపోయింది.

"కుళాయి కట్టలేదేమోయ్?" అన్నాను.

"నేనెందుకు కట్టను? ఆ కుళాయి కట్టడం ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికొచ్చు?"

అది నిజమే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కుళాయి నా మాట వినలేదు. పిడిని కొంచెం పైకి ఎత్తి, రవంత వెనక్కి పోనిచ్చి, అప్పుడు తిప్పాలని ఆమె వందసార్లు చెప్పింది. సూత్రం నాకు కంఠస్థం. చేతికి మాత్రం రాలేదు. తెరిచినప్పుడల్లా "ఇలా రావోయ్" అని కేక వేయడం, ఆమె కొంగుకు చేతులు తుడుచుకొంటూ వచ్చి ఒక్క తిప్పుతో కట్టేయడం, మా ఇంటి ఆనవాయితీ.

ఇవాళ పిలిచినా రాలేదు. మీటరు దగ్గరి వాల్వు తిప్పి నీరు ఆపాను.

ఈ మధ్య ఆమెకు పరధ్యానం ఎక్కువైంది. అంతకు మించి ఏమీ లేదు.

జూన్ 4, మంగళవారం

అమ్మాయి వచ్చింది. నాలుగు వీధుల అవతల మందుల దుకాణం నడుపుతుంది కనుక లోకంలోని రోగాలన్నీ తనకే తెలుసునని దాని నమ్మకం. టైలరమ్మ ఫోను చేసి చెప్పిందట.

"నాన్నా, ఇంకా ఎన్నాళ్ళిలా? నిన్న డాక్టరును అడిగితే ఆయనా అదే అన్నారు. పెద్దవాళ్ళను చూసుకునే మంచి హోమ్ ఉంది, నేను చూసొచ్చాను. పగలూ రాత్రీ మనుషులుంటారు."

"మీ అమ్మకు ఇల్లుంది."

"ఇవాళ నీళ్ళు. రేపు గ్యాసు."

"గ్యాసు దగ్గర మార్చి నుంచి నేనే ఉంటున్నాను."

అలా అనకుండా ఉండవలసింది. అమ్మాయి నావైపు తిరిగింది. "మార్చి నుంచా? నాకెందుకు చెప్పలేదు?" అంది.

చివరకు ఒక ఒప్పందం కుదిరింది. కింది ఇంట్లోకి మూడోసారి నీళ్ళు కారితే ఆమెను హోమ్‌లో చేర్చడానికి నేను అడ్డు చెప్పకూడదు. కారకపోతే దాని ప్రసక్తి అమ్మాయి తేకూడదు. ఇద్దరమూ ఒప్పుకొన్నాము. లోపలి గదిలో నా భార్య దుప్పటి మడత పెడుతోంది. విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

జూన్ 5, బుధవారం

మా భవన సంఘం వారు మెట్ల దగ్గర ప్రకటన అంటించారు. "నీటిని పొదుపు చేయుట అందరి యొక్క కర్తవ్యమై ఉన్నది." ఎర్ర సిరాతో 'యొక్క'ను కొట్టివేసి, 'అందరి కర్తవ్యం' అని దిద్దాను. విషయం మాత్రం సబబైనదే. ఈ వేసవిలో మా మీటరు తిరిగిన తీరు చూస్తే సిగ్గు వేస్తుంది.

బకెట్టూ గడియారమూ పెట్టుకొని కొలిచాను. వంటింటి ఇత్తడి కుళాయి: నిమిషానికి పద్నాలుగు లీటర్లు. స్నానాల గది జల్లు: పదహారు. పాయిఖానా తొట్టి ఒక్కసారి వదిలితే పన్నెండు. ఇద్దరు మనుషులున్న ఇంటికి ఇది దుబారా.

కనుక ఇంట్లోని కుళాయిలన్నీ మార్చాలని నిర్ణయించాను. ఉద్దేశం నీటి పొదుపు.

జూన్ 7, శుక్రవారం

ప్లంబరు వచ్చాడు. ఎప్పుడూ భుజం మీద పెద్ద పానా ఒకటి మోసుకొంటూ తిరుగుతాడు గనుక ఊరంతా అతడిని పానా అనే పిలుస్తుంది. యాభై దాటినవాడు. నేను 'మేస్త్రీ' అంటాను. పనిముట్టు పేరుతో మనిషిని పిలవడం నాకు నచ్చదు.

నాకు కావలసినవేమిటో కాగితం మీద వ్రాసి ఇచ్చాను. సన్నని రంధ్రాల జల్లు, రెండు బొత్తాల తొట్టి, తల మీద నొక్కితే ఎనిమిది సెకన్లు నీరిచ్చి తనంతట తానే ఆగిపోయే కుళాయిలు.

"ఇంట్లో ఎంతమంది సార్?"

"ఇద్దరం."

"ఇద్దరికి ప్రెస్ ట్యాపులెందుకు సార్? అవి బస్టాండుల్లో, ఆస్పత్రుల్లో పెడతారు. ఎవడూ కట్టిపోడని. ఇంట్లో మామూలు కుళాయికి చిన్న జాలీ మూత బిగిస్తే సగం నీళ్ళు మిగుల్తాయి. ఖర్చూ తక్కువ."

"నీటి పొదుపు విషయంలో సగం పనులు నాకు పనికిరావు" అన్నాను.

అంతలో నా భార్య గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతడికి ఇచ్చింది. అతడు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళి మళ్ళీ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అతడు మళ్ళీ తాగాడు. మూడోసారి కూడా తాగాడు. తరువాత నావైపు చూసి, "సరే సార్, ఆదివారం పెడతా" అన్నాడు.

జూన్ 9, ఆదివారం

పని పూర్తయింది. మేస్త్రీ వంటింటి ఇత్తడి కుళాయికి పట్టు వేయగానే నా భార్య వచ్చి నిలబడింది.

"అదెందుకు బాబూ తీస్తున్నావు? బాగానే ఉందిగా."

"పాతదైపోయిందమ్మా."

"పాతదైతే తీసేస్తారా?" అని నావైపు తిరిగి నవ్వింది. "అయితే మాస్టారూ, తరవాత వంతు నాదే కాబోలు!"

మేస్త్రీ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. పరధ్యానం ఉన్న మనిషి ఇంత చురుకుగా హాస్యమాడగలదా? అమ్మాయి వచ్చి వినవలసింది.

ఇల్లు కొన్న ఏడాది ఆ కుళాయిని దుకాణంలో ఏరి తెచ్చింది తనే. అక్కడున్న ప్రతి కుళాయినీ తిప్పి తిప్పి చూసి, "ఇది నా చేతికి కుదిరింది" అంది. పాత సామాను సంచిలో పడేటప్పుడు అది పెద్ద చప్పుడు చేసింది.

జూన్ 10, సోమవారం

కొలతలు. కుళాయి: నొక్కుకు ముప్పావు లీటరు. జల్లు: నిమిషానికి ఆరు. తొట్టి: మూడు లేక ఆరు. మీటరు ముల్లు కదులుతోందా లేదా అని భూతద్దం పెట్టి చూడవలసి వచ్చింది. నిన్నటి నుంచి ఒక్క చుక్క వృథా కాలేదు.

జూన్ 12, బుధవారం

ఆమె సింకు ముందు నిలబడి ఉంది. కుడిచేయి గాలిలో, పాత కుళాయి పిడి ఉండవలసిన చోట, కొంచెం పైకి ఎత్తి, రవంత వెనక్కి పోనిచ్చి, తిప్పుతోంది. ఆగి చూస్తోంది. మళ్ళీ తిప్పుతోంది.

తల మీద నొక్కి చూపించాను. నీళ్ళు వచ్చాయి. ఆమె చేతులు పెట్టేలోగా ఆగిపోయాయి.

"పోయాయి" అంది.

కొత్త వస్తువు కనుక అలవాటు కావాలి. వారం పడుతుంది.

జూన్ 13, గురువారం

ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకు చదువు చెప్పినవాడిని. అక్షరం రానివాళ్ళ చేత ఛందస్సు చెప్పించాను. ఒక కుళాయి నొక్కడం నేర్పలేనా?

అట్ట ముక్కల మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ నొక్కవలెను" అని వ్రాసి, బాణం గుర్తు వేసి, ప్రతి కుళాయి పైనా అంటించాను. ఆమె ఒక అట్టను చాలాసేపు పరిశీలించింది.

"ఎంత చక్కటి దస్తూరీ! ఎవరు రాశారండీ?" అంది.

జూన్ 15, శనివారం

ఆరుసార్లలో ఒకసారి ఒప్పు.

జూన్ 16, ఆదివారం

తొమ్మిదిసార్లలో ఒక్కటీ లేదు. గొంతు పెంచాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకొని, తల వంచుకొని నిలబడింది. నా తరగతిలో పాఠం రాని పిల్లలు సరిగ్గా అలాగే నిలబడేవారు. అప్పుడు నాకేమీ అనిపించేది కాదు.

జూన్ 17, సోమవారం

పాఠాలు ఆపాను. ఆమెకు నీరు కావలసినప్పుడు నేనే నొక్కుతాను. నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఇబ్బంది ఏముంది? జగ్గులో నీళ్ళు నింపి బల్ల మీద పెడుతున్నాను. ఆమె ఆ నీళ్ళు తాగకుండా అందులో చేతులు కడుక్కొంటోంది. పెదవులు ఎండి ఉన్నాయి. ఎండల వల్ల.

జూన్ 21, శుక్రవారం

మెట్ల మీద టైలరమ్మ ఆపింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. అమ్మగారు రెండ్రోజులుగా మధ్యాహ్నం పూట నా దగ్గరకొస్తున్నారు. 'మా ఇంట్లో నీళ్ళు రావట్లేదమ్మా, ఒక గ్లాసు ఇస్తావా' అంటున్నారు. గ్లాసుడు కాదు, మూడు గ్లాసులు తాగారు నిన్న."

మధ్యాహ్నం పూట నేను ఒక గంట కునుకు తీస్తాను.

"మీతో కాలక్షేపానికి వచ్చి ఉంటుంది" అన్నాను. "మా ఇంట్లో నీటికి లోటు లేదు. మీకు నీళ్ళు కారడం లేదు కదా?"

"కారట్లేదండీ" అంది టైలరమ్మ. "ఆ కోటు సంగతి మర్చిపోండి. నేను చెప్పేది అది కాదు."

అమ్మాయికి ఈ విషయం తెలియజేయవలసిన అవసరం కనిపించలేదు. ఒప్పందం నీళ్ళు కారడం గురించి.

జూన్ 24, సోమవారం

వ్రాయలేను.

జూన్ 25, మంగళవారం

'నా భార్య తప్పిపోయింది' అని మొదలుపెట్టి కొట్టివేశాను. ఆ వాక్యంలో కర్త ఆమె. పోగొట్టుకొన్నది నేను.

నిన్న మధ్యాహ్నం లేచి చూస్తే తలుపు తీసి ఉంది. బల్ల మీద జగ్గు లేదు. ఆమె టైలరమ్మ ఇంట్లో లేదు. వీధి చివర లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. టైలరమ్మ మిషను వదిలేసి ఒక వైపు, అమ్మాయి దుకాణం మూసి ఒక వైపు, మేస్త్రీ తన మోటారు సైకిలు మీద మరో వైపు వెతికారు. నేను వెతికిన దిక్కు తప్పు. ఆమె ఎప్పుడూ నాతో నడిచే దారిలో వెతికాను.

అయిదు దాటిన తరువాత మేస్త్రీ నుంచి ఫోను వచ్చింది. రైలు గేటు అవతల మొక్కలు అమ్మే తోట ఉంది. అక్కడ.

మేము వెళ్ళేసరికి నీడలో బల్ల మీద కూర్చొని ఉంది. చెప్పులు లేవు. పాదాలు బొబ్బలెక్కాయి. నీళ్ళతో నిండిన జగ్గు ఒళ్ళో ఉంది. తోట యజమానురాలు అమ్మాయితో చెబుతోంది:

"రెండింటికి వచ్చారండీ. కుళాయి ఎక్కడుందని అడిగారు. చూపిస్తే ముందు కడుపారా తాగారు. తరవాత వద్దంటున్నా వినకుండా మొక్కలకి నీళ్ళు పోశారు. పోసిన ప్రతిసారీ కుళాయి ఎంత బిగువుగా కట్టారనుకున్నారు! మా పనివాళ్ళు కూడా అలా కట్టరు. ఒక్క చుక్క కారితే ఒట్టు. ఇంటికి పంపిస్తామంటే, 'మా ఇంట్లో నీళ్ళు రావు, మా మాస్టారికి దాహమేస్తుంది, ఈ జగ్గు పట్టుకెళ్ళాలి' అంటారు. ఇల్లెక్కడంటే చెప్పలేకపోయారు."

నేను ముందుకు వెళ్ళి జగ్గు అందుకోబోయాను. ఆమె దాన్ని గుండెకు హత్తుకొంది. "ఇది మా మాస్టారికండీ" అంది.

ఇంటికి వచ్చిన తరువాత అమ్మాయి ఆమె పాదాలకు మందు రాసింది. నేను అన్నాను (ఇది వ్రాయకపోతే ఈ డైరీ అబద్ధమవుతుంది), "నీళ్ళు మాత్రం కారలేదు. ఒప్పందం ప్రకారం చూస్తే..."

అమ్మాయి తల ఎత్తలేదు. "నీళ్ళు కారకపోతే చాలనుకున్నావా నాన్నా?" అంది.

జూన్ 28, శుక్రవారం

హోమ్‌లో చేర్చాము. రెండో అంతస్తు, కిటికీ తూర్పు వైపు. వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "మీరు భోంచేసి వెళ్ళాల్సింది" అంది.

జూన్ 29, శనివారం

ఏమీ లేదు.

జూలై 1, సోమవారం

పరధ్యానం కాదు. మరపు. మార్చికి చాలా ముందు నుంచి. పోయిన ఏడాది దసరా సెలవుల... సెలవులని వ్రాశాను! పదేళ్ళుగా నాకు సెలవులు లేవు. పోయిన ఏడాది ఒకరోజు నా కళ్ళజోడును తన సబ్బు పెట్టెలో దాచి, రోజంతా వెతికింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నాకేదో అవుతోందండీ" అంది. "వాక్యం పూర్తి చేయి, ఏదో అంటే ఏది?" అన్నాను.

ఆమె పూర్తి చేయలేదు. ఆ తరువాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

జూలై 8, సోమవారం

కొలతలు. కుళాయి రోజుకు పది నొక్కులు. తొట్టి నాలుగు. అంతే.

జూలై 15, సోమవారం

మెట్ల దగ్గర కొత్త ప్రకటన. ఈ భవనంలో నీటి వాడకాన్ని అందరికన్నా ఎక్కువగా తగ్గించిన ఇల్లు మాది. మూడింట రెండు వంతులు తగ్గిందట. కార్యదర్శి నా చేయి పట్టుకొని ఊపాడు.

"మాస్టారూ, ఆదివారం మీటింగులో మీరు నాలుగు ముక్కలు చెప్పాలి. ఏ కంపెనీ కుళాయిలు, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది, అన్నీ. జనానికి మీలాంటివాళ్ళు చెప్తేనే ఎక్కుతుంది."

ప్రకటనలో రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

జూలై 21, ఆదివారం

మీటింగుకు వెళ్ళాను. లేచి నిలబడ్డాను. జాలీ మూత బిగిస్తే చాలునని, నీరు సగం మిగులుతుందని, కుళాయి మార్చే ముందు ఆ కుళాయిని ఎవరు వాడుతున్నారో వారిని ఒకసారి అడగమని చెప్పాను. ఇంకా ఏదో చెప్పబోయాను. టైలరమ్మ లేచి వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది.

జూలై 26, శుక్రవారం

హోమ్‌లో ఇవాళ ఆమె గదిలోని వాష్ బేసిన్ ముందు నిలబడి ఉంది. కుడిచేయి గాలిలో. పైకి ఎత్తి, వెనక్కి పోనిచ్చి, తిప్పుతోంది.

అక్కడివీ నొక్కుడు కుళాయిలే. నెల రోజులుగా వెళుతున్నాను. ఇవాళ దాకా చూడలేదు.

జూలై 27, శనివారం

మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. వీధి పేరు తెలియక ముగ్గురిని అడిగాను. 'ప్లంబరు మేస్త్రీ' అంటే ఎవరూ చెప్పలేదు. 'పానా' అనగానే చెప్పారు.

పాత సామాను ఏం చేశావని అడిగాను.

"కిలోల లెక్కన అమ్మేశా సార్."

నేను మెట్టు మీద కూర్చొన్నాను.

"ఏది కావాలి సార్? ఆ ఇత్తడి కుళాయా? అది అమ్మలేదు. అలాంటి ఇత్తడి ఇప్పుడెక్కడ దొరుకుతుంది? మా దొడ్లో బిగించుకున్నా."

లోపలి నుంచి అతడి భార్య గొంతు వినిపించింది. "ఆ మాయదారి కుళాయి తీసుకుపొమ్మను! తెరుస్తే కట్టుకోదు. బకెట్లకి బకెట్లు పోతున్నాయి. పేరుకి ప్లంబరు!"

"మా ఆవిడ సార్" అన్నాడు పానా. "రోజూ ఇదే పాట."

ఎన్ని రోజులకో నవ్వాను. నవ్వు ఆగక కళ్ళు తుడుచుకొన్నాను.

జూలై 30, మంగళవారం

హోమ్ మేనేజరుకు అర్జీ ఇచ్చాను. ముందు మూడు పేజీలు వ్రాసి చింపివేసి, చివరకు ఒక్క వాక్యం వ్రాశాను: ఆమె గదిలో మా పాత ఇత్తడి కుళాయి బిగించడానికి అనుమతి కోరుతున్నాను. మేనేజరమ్మ చదివి, కళ్ళజోడు తీసింది.

"నీళ్ళు వృథా అవుతాయనే అన్నీ మార్పించాం మాస్టారూ. కుళాయి వదిలేస్తే?"

"వదలదు. నేను వదిలేస్తాను. ఆమె కడుతుంది."

ఆవిడకు అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టింది. నేను వచ్చినప్పుడు మాత్రమే నీరు వదిలేటట్టు, గోడలో విడిగా ఒక వాల్వు పెట్టించాలని షరతు. మంచి షరతు. ఆ ఆలోచన జూన్‌లో నాకు రావలసింది.

ఆగస్టు 4, ఆదివారం

పానా ఉదయమే వచ్చి కుళాయి బిగించాడు. చింతపండుతో తోమి తెచ్చాడు కాబోలు, తళతళలాడుతోంది. జాలీ మూత కూడా పెట్టాడు. నిమిషానికి ఆరు లీటర్లు.

"సార్, లోపల వాషరు అరిగిపోయింది. అందుకే మొరాయిస్తోంది. కొత్తది వేస్తే చిన్నపిల్లాడైనా కట్టొచ్చు. రెండు నిమిషాల పని. వెయ్యనా?"

"వద్దు" అన్నాను.

"పోనీ కట్టే కిటుకైనా చూపిస్తా. ఇలా కొంచెం..."

"నాకు చూపించకు."

అతడు పనిముట్లు సర్దుకొని, పానా భుజాన వేసుకొని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆమె మంచం మీద కూర్చొని కిటికీలోంచి చూస్తోంది. నేను కుళాయి తెరిచాను. కట్టబోయాను. రాలేదు. నటించలేదు, నిజంగానే రాలేదు. నీళ్ళు పోతున్నాయి.

"ఇలా రావోయ్" అన్నాను.

ఆమె లేచింది. కొంగుకు చేతులు తుడుచుకొంటూ వచ్చింది. పిడి మీద చేయి వేసి, కొంచెం పైకి ఎత్తి, రవంత వెనక్కి పోనిచ్చి, తిప్పింది. నీరు ఆగిపోయింది. ఒక్క చుక్క లేదు.

తడిచేతిని పిడి మీదనే ఉంచి, నావైపు తిరిగి నవ్వింది.

"అచ్చం మా ఇంట్లో కుళాయేనండీ. మా మాస్టారికి కూడా కట్టడం రాదు."

"రాదండీ" అన్నాను. "ఆయనకు ఎప్పటికీ రాదు."

"పెద్ద చదువులు చదివారు" అంది ఆమె, నచ్చచెబుతున్నట్టు.

ఆగస్టు 5, సోమవారం

వెళ్ళాను. తెరిచాను. పిలిచాను. వచ్చింది.